ఊరి పేరు ఎవరి సొత్తు?

హైదరాబాద్ స్కైకింగ్స్ అనే జట్టు ఒకటి ఉండేదని మీలో ఎంతమందికి తెలుసు? అది అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు. తలకు శిరస్త్రాణం, భుజాలకు మెత్తలు కట్టుకుని, కోలబంతిని చంకన ఇరికించుకుని ఒకరినొకరు కుమ్ముకునే ఆట అది. నాలుగు ప్రయత్నాల్లో 10 గజాల నేల గెలుచుకోవాలి. గెలిస్తే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు, లేకపోతే బంతి ఎదుటివాళ్ళది. గీత దాటి ఎదుటివాడి నేల మీదికి వెళ్ళడం, పట్టుబడకుండా రావడం చెడుగుడు ఆడినవాడికి కొత్త కాదు. అంచేత ఆ ఆట మీద నాకు విముఖత ఏమీ లేదని మొదటే చెబుతున్నాను. నా పేచీ ఆ జట్టు పేరులోని మొదటి మాటతో.

2011లో ఎలీట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియా అని ఒకదాన్ని ప్రకటించారు. వెనుక ఉన్నవాళ్ళు సామాన్యులు కారు. అమెరికాలో ఆ ఆటకు పెద్ద పేర్లయిన మైక్ డిట్కా, రాన్ జావొర్‌స్కీ, కర్ట్ వార్నర్, సినిమా నటుడు మార్క్ వాల్‌బర్గ్ అందులో ఉన్నారు. భారతీయ మూలాలున్న ఆటగాడు బ్రాండన్ చిల్లార్ కూడా ఉన్నాడు. 2012లో ఎనిమిది జట్లతో తొలి సీజను నడిపారు. ఆఖరి పోటీలో పుణె మరాఠాస్ 6-0తో ఢిల్లీ డిఫెండర్స్‌ను ఓడించింది. మన వంతుకు వచ్చింది స్కైకింగ్స్.

ఆ జట్టుకు హైదరాబాదులో వారం వారం జనం వెళ్ళి చూసే సొంత మైదానం లేదు. దాని ఆట చూడ్డానికి మారేడుపల్లి నుంచో మలక్‌పేట నుంచో బస్సెక్కి వెళ్ళే అవకాశం ఎవరికీ లేదు. పోటీలు ఇంటికి దూరంగా ఆడించి, చిత్రీకరించి, టీవీలో చూపించారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత మనకు ఉండనే ఉంది. ఇక్కడ కొడుకు పుట్టాడు గానీ, పుట్టిల్లు లేకుండా పుట్టాడు. తొలి సీజను నాటి హోరు తర్వాత నిలవలేదు. స్కైకింగ్స్ పోయిందని హైదరాబాదులో ఒక్క వీధి కూడా బాధపడలేదు. తన దగ్గర ఎన్నడూ లేనిదాని కోసం ఊరు ఎందుకు బాధపడుతుంది?

పోనీ, విదేశీ ఆట కాబట్టి ఇక్కడ వేళ్ళూనలేదని సరిపెట్టుకుందామా? కాదని నా వాదన. ఆ ఆటను కనిపెట్టిన దేశంలోనే, అది వేళ్ళూనిన చోట వేరే పద్ధతి నడిచింది. ఆ చరిత్ర మనకు పనికొస్తుంది కనుక కొంత వివరంగా చెబుతాను.

అమెరికాలో ఈ ఆట మొదట కాలేజీ కుర్రాళ్ళది. డబ్బు తీసుకుని ఆడడం తప్పుగా చూసేవారు. 1892 నవంబరు 12న పిట్స్‌బర్గులో ఒక క్లబ్బు తరఫున ఆడినందుకు పడ్జ్ హెఫెల్‌ఫింగర్ అనే ఆటగాడు 500 డాలర్లు తీసుకున్నాడు. డబ్బుకు ఆడిన తొలి ఆటగాడిగా చరిత్ర రాసేది అతడి పేరే. ఆ తర్వాత మూడు దశాబ్దాల పాటు ఆటను బతికించినవి సగం వృత్తి జట్లు. వారమంతా ఫ్యాక్టరీలో పని, ఆదివారం ఆట. జీతం ఫ్యాక్టరీది, చప్పట్లు ఊరివి.

అటువంటి ఊళ్ళలో రెండింటి కథ చెబుతాను. ఇలినాయ్ రాష్ట్రంలో డెకేటర్ అనే ఊళ్ళో గంజి పిండి తయారుచేసే స్టేలీ కంపెనీ ఉండేది. 1920లో ఆ కంపెనీ జార్జ్ హాలస్ అనే యువకుణ్ణి పిలిచి, జట్టు బాధ్యత అప్పగించింది. ఆటగాళ్ళు కంపెనీ ఉద్యోగులే. జట్టు పేరు డెకేటర్ స్టేలీస్. మరుసటి ఏడాదే ఖర్చు భరించలేక కంపెనీ చేతులెత్తేసింది, హాలస్ జట్టును షికాగో తీసుకుపోయాడు. పోతూ పోతూ యజమానితో ఒక ఒప్పందం చేసుకున్నాడు. ఇంకొక్క సీజను స్టేలీస్ అనే పేరు ఉంచితే 5,000 డాలర్లు. ఉంచాడు. గడువు తీరాక 1922లో పేరు మార్చాడు. అదే నేటి షికాగో బేర్స్. జట్టు పేరుకు ధర కట్టి, గడువు పెట్టి అద్దెకివ్వడం నూరేళ్ళ కిందటే మొదలైందన్నమాట.

రెండోది గ్రీన్ బే. విస్కాన్సిన్ రాష్ట్రంలో మంచు కురిసే చిన్న ఊరు. ఈనాటికీ అక్కడి జనాభా లక్ష పైచిలుకు, అంటే సుమారుగా మన గుడివాడ అంత. 1919లో కర్లీ లాంబో అనే కుర్రాడు తాను పనిచేసే మాంసం డబ్బాల కంపెనీని అడిగి, దుస్తులకూ సామగ్రికీ 500 డాలర్లు తెచ్చాడు. ఆ కంపెనీ పేరు ఇండియన్ ప్యాకింగ్ కంపెనీ. అందుకే జట్టు ప్యాకర్స్ అయింది. మైదానానికి కంచె లేదు, టిక్కెట్టు లేదు. ఆట మధ్యలో జనంలో టోపీ తిప్పి చిల్లర పోగుచేసేవారు. మన భాషలో చెప్పాలంటే జోలె పట్టారు.

కంపెనీ చేతులు మారింది, అప్పులు మిగిలాయి. డెకేటర్ వాళ్ళలాగే జట్టును పెద్ద నగరానికి అమ్మేసుకుని ఉండవచ్చు. గ్రీన్ బే ఆ పని చేయలేదు. 1923లో షేరు 5 డాలర్ల చొప్పున వెయ్యి షేర్లు ఊరి జనానికి అమ్మి, జట్టును లాభాపేక్ష లేని సంస్థగా మార్చుకుంది. ఆ షేరుకు డివిడెండు రాదు. బజారులో తిరిగి అమ్ముకుని లాభం చేసుకునే వీలు లేదు. అన్నిటికన్నా నాకు నచ్చిన నియమం ఇంకొకటుంది. ఎప్పుడైనా జట్టును అమ్మివేస్తే, అప్పులు పోగా మిగిలిన సొమ్ము షేర్‌హోల్డర్లకు రాకూడదు, స్థానిక మాజీ సైనికుల సంఘానికి స్మారకం కట్టడానికి వెళ్ళాలి అని రాసుకున్నారు. 1997లో ఆ సంఘం బదులు జట్టు పేరిట ఉన్న ధర్మసంస్థను చేర్చారు. అమ్మితే ఎవరికీ పైసా రాదు గనుక అమ్మాలన్న ఆశ ఎవరికీ పుట్టదు. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి! నేడు ఆ జట్టుకు 5 లక్షల 30 వేల మందికి పైగా యజమానులు ఉన్నారు. మహానగరాల జట్ల మధ్య ఈ గుడివాడంత ఊరు నూరేళ్ళు దాటినా నిలబడి ఉంది.

అమెరికాలో అందరూ ఇలాగే చేస్తారని అనుకోకండి. ఇప్పుడు అక్కడి జాతీయ లీగు నియమాలు ఇటువంటి యాజమాన్యాన్ని మరే జట్టుకూ ఒప్పుకోవు. ప్యాకర్స్ ముందునుంచీ ఉన్నారు కనుక మినహాయింపు. మిగతాచోట్ల యజమాని దయ, ఊరి ప్రాప్తం. 1984 మార్చి 29 తెల్లవారుజామున బాల్టిమోర్ కోల్ట్స్ జట్టు సామానంతా లారీల్లోకి ఎక్కించుకుని ఇండియానాపొలిస్‌కు వెళ్ళిపోయింది. ఊరు నిద్రలేచేసరికి జట్టు లేదు. ఆ జట్టుకు ఊరివాళ్ళతో ఏర్పడిన బ్యాండు మేళం ఉండేది. జట్టు పోయినా మేళం ఆగలేదు. 1996లో ఊరికి మరో జట్టు వచ్చేదాకా, పన్నెండేళ్ళు, తమకంటూ జట్టు లేకుండానే ఆ మేళం వాయిస్తూ వచ్చింది. దేవుడు లేని గుడికి నిత్యం మేళం పెట్టినట్టు.

ఇక ఆ బాల్టిమోరుకు వచ్చిన కొత్త జట్టు ఎక్కణ్ణుంచి వచ్చింది? క్లీవ్‌లాండ్ నుంచి. 1995లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ యజమాని తన జట్టును బాల్టిమోరుకు తరలిస్తున్నానని ప్రకటించాడు. ఊరు కోర్టుకెక్కింది, జనం వీధికెక్కారు. 1996లో రాజీ కుదిరింది. యజమాని ఆటగాళ్ళనూ సిబ్బందినీ తీసుకుపోవచ్చు. కానీ బ్రౌన్స్ అనే పేరు, రంగులు, గెలుపోటముల రికార్డులు ఊరివే, అవి ఊళ్ళోనే ఉంటాయి. మూడేళ్ళు ఆ పేరు జట్టు లేకుండా ఊళ్ళో ఎదురుచూసింది. 1999లో కొత్త జట్టు వచ్చి ఆ పేరూ ఆ చరిత్రా అందుకుంది. ఊరికీ జట్టుకూ ఉన్న బంధం గురించి నాకు తెలిసినంతలో ఇంత స్పష్టంగా కాగితం మీద పెట్టిన ఒప్పందం ఇంకొకటి లేదు. ఆటగాడు యజమాని వెంట పోతాడు. చరిత్ర ఊరిది.

అమెరికా కబుర్లు మనకెందుకంటారా? మనకూ సగం వృత్తి జట్టు ఒకటి ఉండేది, అదీ దేశంలోకెల్లా గొప్పది. హైదరాబాద్ సిటీ పోలీస్ సాకర్ జట్టు. ఆటగాళ్ళు పోలీసు ఉద్యోగులు. డెకేటర్లో గంజి ఫ్యాక్టరీ చేసిన పని ఇక్కడ పోలీసు శాఖ చేసింది. ఉపాధ్యాయ వృత్తిలోంచి వచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షకుడు. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు వాళ్ళదే. 1950లో డ్యూరాండ్ కప్పూ వాళ్ళదే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారతదేశం నాలుగో స్థానంలో నిలిచినప్పుడు ఆ జట్టులో పలువురు హైదరాబాదువారు, శిక్షకుడు రహీమే. 1962లో జకార్తా ఆసియా క్రీడల బంగారు పతకమూ ఆయన హయాములోదే. మరుసటి ఏడాది ఆయన పోయాడు. 2024లో ఆయన జీవితం మీద హిందీలో సినిమా తీశారు. తెలుగులో తీయలేదు. తీయలేదని నేను ఆశ్చర్యపోను, ఎందుకంటే ఆ జట్టు చరిత్రను మనం మనదిగా లెక్కపెట్టుకోవడం ఎప్పుడో మానేశాం.

ఆ తర్వాత మనకు దక్కినవి చూడండి. 2008లో డెక్కన్ ఛార్జర్స్ వచ్చింది. మొదటి ఏడాది అట్టడుగున ఉండి, 2009లో ఐపీఎల్ కప్పు గెలిచింది. 2012లో యాజమాన్యపు ఆర్థిక చిక్కుల్లో రద్దయిపోయింది. అదే ఏడాది హైదరాబాదు పేరు మీద హక్కు మరొకరు కొనుక్కున్నారు. 2016లో సన్‌రైజర్స్ కప్పు గెలిచినప్పుడు అది ఆ జట్టుకు మొదటిది. 2009 నాటి కప్పు ఎవరి ఖాతాలోకి పోయింది? ఊరి ఖాతా అంటూ ఒకటి లేదు కనుక ఎవరి ఖాతాలోకీ పోలేదు, గాలిలో కలిసింది. సాకర్‌లోనూ ఇదే తంతు. పుణె జట్టు మూతపడ్డాక దాని చోటులోకి 2019లో హైదరాబాద్ ఎఫ్‌సి వచ్చింది. 2021-22 సీజనులో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. 2025లో ఆ జట్టే ఢిల్లీకి తరలి, పేరు మార్చుకుంది. బాల్టిమోరులో కనీసం ఒక మేళం మిగిలింది. మనకు ఒక పత్రికా ప్రకటన మిగిలింది.

ఇప్పుడు మా ఊరికి వస్తాను. 2022లో ఆంధ్ర ప్రీమియర్ లీగ్ మొదలైంది. అందులో ఒక జట్టు పేరు బెజవాడ టైగర్స్. పేరు వినగానే డెల్టావాణ్ణి కనుక నాకూ ఒళ్ళు పులకరించింది. ఆ తొలి సీజను పోటీలు జరిగింది విశాఖపట్నంలో. 2025కు జట్లూ పేర్లూ మార్చారు. విజయవాడ సన్‌షైనర్స్ అన్నారు, అమరావతి రాయల్స్ అన్నారు, భీమవరం బుల్స్ అన్నారు. ఆ పోటీలూ విశాఖలోనే. బెజవాడ పులి బెజవాడలో గాండ్రించకుండానే విజయవాడ సూర్యుడిగా మారింది. ఆ సూర్యుడు కూడా ఉదయించింది విశాఖ సముద్రం మీదే. విశాఖ మీద నాకు అసూయ లేదు, అక్కడ మంచి మైదానం ఉంది. కానీ విశాఖలో పుట్టి విశాఖలో ఆడే జట్టుకు బెజవాడ పేరు ఎందుకు?

మా ఊళ్ళో మైదానం లేదా? ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియం ఉంది. 2002 నవంబరు 24న అక్కడ భారత్, వెస్టిండీస్ వన్డే ఆడారు. ఏడు పోటీల వరుసలో నిర్ణాయకమైన ఆఖరిది. మార్లన్ శామ్యూల్స్ శతకం కొట్టాడు, మనవాళ్ళు 135 పరుగుల తేడాతో ఓడారు. ఓడినా అది మా ఊళ్ళో ఓడిన ఆట, ఇప్పటికీ గుర్తుంది. ఆ తర్వాత ఆ మైదానంలో పురుషుల అంతర్జాతీయ వన్డే మరొకటి జరగలేదు. స్వాతంత్ర్య దినోత్సవ, గణతంత్ర దినోత్సవ కవాతులు జరిగాయి, ప్రసంగాలు జరిగాయి. పేరు గొప్ప, ఊరు దిబ్బ అని పెద్దలు ఊరికే అనలేదు.

మరొక సంగతి గమనించండి. బందరు లడ్డుకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొండపల్లి బొమ్మకు అంతకు ముందే ఉంది. పెడన కలంకారీకీ ఉంది. అంటే ఆ ప్రాంతంలో, ఆ పద్ధతిలో తయారుకాని వస్తువుకు ఆ పేరు పెట్టి అమ్మకూడదని చట్టం చెబుతుంది. నేతితో చేసిన లడ్డుకు, తెల్లపొణికి కర్రతో చెక్కిన ఏనుగు అంబారీకి ఇచ్చిన రక్షణ పాటి ఊరి పిల్లల అభిమానానికి ఎందుకు లేదు? బందరులో చేయని లడ్డును బందరు లడ్డు అనకూడదు. కానీ బెజవాడలో ఒక్క బంతి వేయని జట్టును బెజవాడ జట్టు అనవచ్చునట! లడ్డు కొన్నవాడు మోసపోతే కిలో ధర పోతుంది. జట్టును నమ్ముకున్న పదేళ్ళ కుర్రాడు మోసపోతే ఏం పోతుందో లెక్కకట్టే శాఖ ఏదీ లేదు.

దీనికి వచ్చే జవాబులు నాకు తెలుసు. అందులో కొన్నింటికి బలముంది, కాదనను.

మొదటిది, ఖర్చు. జట్లన్నిటినీ ఊరూరా తిప్పాలంటే ప్రయాణాలు, బసలు, దీపాలు, కెమెరాల బృందాలు, అన్నీ రెట్టింపవుతాయి. ఒకేచోట ఆడిస్తే చవక. టీవీ రాబడికి గ్యాలరీలో ఎవరున్నారన్నది పెద్ద లెక్క కాదు. నిజమే. అయితే ఆ లెక్క ప్రకారమే జట్లకు ఒకటి రెండు మూడు అని అంకెలు వేసుకోండి, లేదా డబ్బు పెట్టిన కంపెనీ పేరు పెట్టుకోండి. ఊరి పేరు ఎందుకు పెడతారు? ఊరి పేరు పెడితే జనం చూస్తారు గనుక. అంటే ఊరి పేరుకు విలువ ఉందని మీరే ఒప్పుకుంటున్నారు. విలువ ఉన్నదాన్ని వాడుకుంటే కౌలు చెల్లించడం మా డెల్టా ఆచారం. పొలం ఎవరిదైనా సరే, కౌలు ఇవ్వకుండా పంట తీసుకుపోతానంటే ఏ ఊళ్ళోనూ ఒప్పుకోరు.

రెండోది, కుర్రాళ్ళకు అవకాశం. ఈ లీగుల వల్ల జిల్లాల ఆటగాళ్ళు నలుగురి కంటా పడుతున్నారు, నాలుగు డబ్బులు చూస్తున్నారు. ఇదీ నిజమే, సంతోషమే. స్కైకింగ్స్ వంటి జట్లలోనూ రగ్బీ, కబడ్డీ, పరుగు పందాల నుంచి వచ్చిన కుర్రాళ్ళు ఎముకలు విరిగే ఆటను కొత్తగా నేర్చుకున్నారు. వాళ్ళ కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. నిజానికి వాళ్ళ తరఫునే అడుగుతున్నాను. ఆ కుర్రాడు పదేళ్ళ తర్వాత తాను ఎక్కడ ఆడానని చెప్పుకోవాలి? ఏ గోడ మీద అతడి పేరుంది? జట్టు కొనసాగితేనే ఆటగాడికి చరిత్రలో చోటు. లేకపోతే అతడు ఒక ప్రకటనలో కూలికి నటించినవాడవుతాడు.

మూడోది, ప్రాంతీయ సంకుచితత్వం. ఊరివాళ్ళే ఆడాలంటున్నావా అని అడుగుతారు. అననే లేదు. గ్రీన్ బే ఆటగాళ్ళు గ్రీన్ బేలో పుట్టినవాళ్ళు కారు. తెలుగు టైటాన్స్‌కు పేరు తెచ్చిన రాహుల్ చౌదరి ఉత్తరప్రదేశ్ వాడు, అతణ్ణి తెలుగువాళ్ళు నెత్తిన పెట్టుకున్నారు. ఆటగాడు ఎక్కడ పుట్టాడన్నది నాకు అక్కర్లేదు. జట్టు ఎక్కడ నివసిస్తుందన్నదే నా ప్రశ్న.

నాలుగోది నన్ను అన్నిటికన్నా బాధించేది. మనవాళ్ళకు అంత ఓపిక ఎక్కడిది, మన ఊళ్ళు జట్టును నడపగలవా అనేది. ఈ మాట అన్నవాళ్ళకు కృష్ణా డెల్టా చరిత్ర తెలియదు. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం పుట్టింది. 1914లో ఆంధ్రదేశపు గ్రంథాలయాల ప్రతినిధులు తొలిసారి సమావేశమైంది ఆ ఊళ్ళోనే. అయ్యంకి వెంకటరమణయ్యగారు ఆ ఉద్యమానికి జీవితం ధారపోశారు. అప్పటికి ప్రభుత్వపు సాయం లేదు, సెస్సు లేదు. చందాలతో నడిపారు. 1935లో పాతూరి నాగభూషణంగారు కాలవ మీద పడవలో పుస్తకాలు పెట్టి, పెదవడ్లపూడి నుంచి పెదపులివర్రు దాకా ఊరూరికీ పంపారు. పడవ ఆగిన రేవులో జనం దిగివచ్చి పుస్తకం మార్చుకునేవారు. పాల విషయానికి వస్తే, చెంబెడు పాలు పోసే రైతులు సభ్యులుగా కృష్ణా జిల్లా పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం నడిచింది, నేటికీ నడుస్తోంది. పుస్తకాల పడవను, పాల డెయిరీని నడిపిన జనానికి పదకొండు మంది కుర్రాళ్ళ జట్టు బరువా? గ్రీన్ బే వాళ్ళు 1923లో చేసింది మనకు తెలియని విద్య కాదు. దాన్ని ఆటలకు వర్తింపజేయాలని మనకు తోచలేదు, అంతే.

కనుక నేను అడిగేది ఇది.

ఊరి పేరు పెట్టుకున్న జట్టు ఏడాదికి కొన్ని పోటీలైనా ఆ ఊళ్ళో ఆడి తీరాలి. అన్నీ ఆడమనడం లేదు. మూడు ఆడండి, రెండు ఆడండి. ఒక్కటీ ఆడలేని జట్టు ఆ పేరు వదులుకోవాలి. ఈ షరతు పెట్టే అధికారం లీగు నడిపే ఆంధ్రా క్రికెట్ అసోసియేషన్ చేతిలో ఉంది, కొత్త చట్టాలు అక్కర్లేదు.

జట్టు చేతులు మారినా, మూతపడినా, తరలిపోయినా, పేరు, రంగులు, రికార్డులు ఊరివి కావాలి. క్లీవ్‌లాండు ఒప్పందంలో ఉన్నది అదే. హక్కులు అమ్మేటప్పుడు ఒప్పందంలో ఒక్క పేరా రాసుకుంటే చాలు. డెక్కన్ ఛార్జర్స్ నాడు ఆ పేరా ఉండి ఉంటే, 2009 కప్పుకు ఈనాడు ఒక ఇల్లు ఉండేది.

జట్టులో ఎంత చిన్నదైనా ఒక వాటా జనానికి అమ్మాలి. సినిమా టిక్కెట్టంత ధర చాలు. లాభం వద్దు, ఓటు కావాలి. జట్టును తరలించే రోజున కాదనే హక్కు కావాలి.

ఈ మూడూ క్రికెట్టుకే కాదు. 2023 అక్టోబరులో ముంబైలో సమావేశమైన ఒలింపిక్ సంఘం 2028 లాస్ ఏంజెలెస్ క్రీడల్లో క్రికెట్టుతో పాటు ఫ్లాగ్ ఫుట్‌బాల్‌ను కూడా చేర్చింది. కుమ్ములాట లేకుండా, నడుముకు కట్టిన పట్టీ లాగితే ఆట ఆగే పద్ధతిలో, జట్టుకు ఐదుగురు ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ అది. శిరస్త్రాణాలు అక్కర్లేదు, ఖర్చు తక్కువ. చెడుగుడు పాదాలున్న మన పిల్లలకు చక్కగా అబ్బుతుంది. అంటే ఇవాళో రేపో మళ్ళీ ఎవరో వస్తారు, మళ్ళీ లీగు అంటారు, మళ్ళీ మన ఊళ్ళ పేర్ల జాబితా తీస్తారు. అప్పటికి మన షరతులు సిద్ధంగా ఉండాలి. లేకపోతే స్కైకింగ్స్ కథే ఇంకో పేరుతో చూస్తాం.

మిత్రులకు చివరిగా ఒక విన్నపం. అమెరికాలో ఉన్నవాళ్ళు ఎప్పుడైనా గ్రీన్ బే వైపు వెళితే చూసివచ్చి రాయండి, చదవాలని ఉంది. ఇక్కడున్నవాళ్ళు మీ ఊరి జట్టు గురించి రాయండి. ప్రతి ఊళ్ళోనూ ఏదో ఒక జట్టు ఉండేది. మిల్లు జట్టో, కాలేజీ జట్టో, రైల్వే జట్టో, కోతలయ్యాక మాగాణిలో బరి గీసుకున్న చెడుగుడు జట్టో. ఏ ఏడు ఎవరి మీద గెలిచారు, బంతి ఎవరు కొనిచ్చారు, పక్క ఊరికి ఏ బండి మీద వెళ్ళారు, అన్నీ రాయండి. అది తెలిసిన పెద్దలు ఇంకా కొందరు ఉన్నారు, ఎల్లకాలం ఉండరు. ఊరి పేరు మాదని మనం కోర్టులోనో సభలోనో అడిగే రోజు వస్తే, చూపించడానికి మన చేతిలో ఉండే దస్తావేజు ఆ రాతలే.